ఇనుము నేలలో, కరువు నీటిలో



మెదక్ జిల్లా పాపన్నపేట మండలంలో, నాగసానిపల్లి దగ్గర మంజీర నది బండరాళ్ల నడుమ ఏడు పాయలుగా చీలుతుంది. వనదుర్గమ్మ కొలువైన ఏడుపాయల మహాశివరాత్రి జాతరకు ఎంత పేరుపడిందో, అక్కడి ఘనపురం ఆనకట్ట వరి సాగుకు అంత ముఖ్యమైంది. దాని నుంచి మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే రెండు కాలువలు మెదక్ చుట్టుపక్కల పొలాలకు నీళ్లు తీసుకుపోతాయి. మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా మన నేలలోకి వస్తుంది. మొదట అది పారేది దక్కను నల్లరాతి మీద. ఆ రాతి బరువులో నూటికి పది పాళ్లకు అటూ ఇటూగా ఇనుమే. ఏడుపాయల దగ్గర రాయి మారి గ్రానైట్ అవుతుంది. అందులో ఇనుము తక్కువే. అయినా ఆ రాయి చివికి ఏర్పడిన చెల్క నేల ఎర్రగా ఉన్నదంటే, ఆ ఎరుపు ఇనుప తుప్పుదే. భూమి పైపొరలో అత్యధికంగా దొరికే మూలకాల్లో ఇనుముది నాలుగో స్థానం. ఇంత ఇనుము మధ్య బతికే బ్యాక్టీరియాకు ఇనుము కరువేమిటని ఎవరికైనా సందేహం రావాలి. కరువు నిజంగానే ఉంది. అయితే ఆ కరువు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. బ్యాక్టీరియా ఇనుమును ఎలా సంపాదిస్తుందో తెలియాలంటే, ముందు అది ఎక్కడ బతుకుతున్నదో, అక్కడ ఇనుము ఏ రూపంలో ఉన్నదో తెలియాలి. చోటును పక్కనబెట్టి చెప్పే సూత్రం పొలంలోనూ ఆసుపత్రిలోనూ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఈ మాటను మన వరి పొలాన్నే సాక్ష్యంగా తీసుకుని నిలబెట్టడానికి ప్రయత్నిస్తాను.

ముందు కరువు సంగతి చూద్దాం. ఇనుము ప్రకృతిలో ప్రధానంగా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి ఫెర్రస్ ఇనుము, ఇది నీటిలో సులువుగా కరుగుతుంది. రెండోది ఫెర్రిక్ ఇనుము. ఆక్సిజన్ తగిలితే ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అవుతుంది, వెంటనే నీటితో కలిసి తుప్పుగా మారి అడుగుకు దిగిపోతుంది. ఆమ్లమూ క్షారమూ కాని మామూలు నీటిలో, గాలి తగిలే చోట, విడిగా తిరిగే ఫెర్రిక్ ఇనుము ఎంత ఉంటుందో రసాయనశాస్త్రం లెక్కగట్టింది. లీటరు నీటికి సుమారు ఆరు లక్షల పరమాణువులు. ఆరు లక్షలంటే పెద్ద సంఖ్యలా వినిపిస్తుంది గానీ, ఒక్క ఈ. కోలై బ్యాక్టీరియా కణం తన ఒంట్లో దాచుకునే ఇనుప పరమాణువులు లక్ష నుంచి పది లక్షల దాకా ఉంటాయి. అంటే లీటరు నీటిలో విడిగా దొరికే ఇనుమంతా కలిపినా ఒకే ఒక్క కణానికి సరిపోవచ్చు, చాలకపోనూ వచ్చు. ఆ కణమేమో అనుకూలమైన చోట ఇరవై నిమిషాలకొకసారి రెండవుతుంది. ప్రతి పిల్ల కణానికీ మళ్లీ అంత ఇనుము కావాలి. శ్వాసక్రియలో, డీఎన్ఏ తయారీలో పనిచేసే ఎన్నో ఎంజైములకు ఇనుమే కేంద్రం. ప్రాణికోటి ఇలాంటి లోహం మీద ఎందుకు ఆధారపడిందంటే, ఆ అలవాటు పడిన నాడు గాలిలో ఆక్సిజన్ లేదు. అప్పటి సముద్రాల నిండా కరిగిన ఫెర్రస్ ఇనుమే ఉండేది. దాదాపు 240 కోట్ల సంవత్సరాల కిందట గాలిలో ఆక్సిజన్ పెరగడం మొదలైంది, ఇనుము తుప్పై అడుగుకు చేరింది. అవసరం మాత్రం ఉండిపోయింది.

ఈ విషయం మన రైతులకు కొత్తది కాదు. మెట్టలో పోసిన వరి నారుమడిలో లేత ఆకులు పసుపు తిరిగి, చివరికి తెల్లగా పాలిపోతాయి. సున్నం ఎక్కువున్న రేగళ్లలో వేరుశనగ కూడా ఇలాగే పాలిపోతుంది. ఇనుప ధాతువు లోపించిందని వ్యవసాయాధికారి చెబుతారు. ఆ మట్టిని ప్రయోగశాలలో పూర్తిగా కరిగించి కొలిస్తే ఎకరాకు టన్నుల లెక్కన ఇనుము తేలుతుంది. అయినా మొక్కకు అందేది చాలదు. మందు ఏమిటంటే, అన్నభేదిని నీటిలో కలిపి, అందులో కొద్దిగా నిమ్మ ఉప్పు వేసి ఆకుల మీద పిచికారీ చేయడం. అన్నభేది ఫెర్రస్ రూపంలో ఉన్న ఇనుప లవణం. నిమ్మ ఉప్పు ఎందుకంటే, అది ద్రావణాన్ని కాస్త ఆమ్లంగా ఉంచుతుంది, తన అణువులతో ఇనుమును చుట్టుకుని తుప్పై దిగిపోకుండా నీటిలోనే నిలుపుతుంది. నిమ్మ ఉప్పు లేని అన్నభేది నీళ్లు కాసేపటికి రంగు మారి అడుగున మడ్డి పడితే, అది ఫెర్రస్ ఫెర్రిక్‌గా మారిన గుర్తు. బ్యాక్టీరియా చేసే పని కూడా రసాయన రీత్యా ఇదే. ఇనుమును చుట్టుకుని నీటిలో నిలిపే అణువును అది తనే తయారుచేసి బయటికి వదులుతుంది. ఈ రకం అణువులను సిడెరోఫోర్లు అంటారు. ఇప్పటికి ఇలాంటివి ఐదు వందలకు పైగా తెలుసు.

వీటి జాడ మొదట పశువుల రోగం దగ్గర కనబడింది. పశువుల పేగుకు సోకే జోన్స్ వ్యాధి బ్యాక్టీరియాను ప్రయోగశాలలో పెంచడం ఎవరికీ సాధ్యం కాని రోజుల్లో, 1912లో ట్వోర్ట్, ఇన్‌గ్రామ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు దాని బంధువుల కణాల నుంచి తీసిన సారం కలిపితే అది పెరుగుతుందని చూపించారు. ఆ సారంలో ఉన్నదేమిటో తేలడానికి 1949 దాకా పట్టింది. అది మైకోబాక్టిన్ అనే సిడెరోఫోర్. 1952లో అమెరికాలో నీలాండ్స్ అనే శాస్త్రవేత్త ఒక కాటుక తెగులు శిలీంధ్రం నుంచి ఫెర్రిక్రోమ్‌ను వేరుచేశాడు. 1970లో ఎంటెరోబాక్టిన్ బయటపడింది. ఇనుమును పట్టుకునే శక్తిలో ఈ ఎంటెరోబాక్టిన్‌ది అగ్రస్థానం. దానికి మూడు కొసలున్నాయి, ఒక్కో కొసకు రెండేసి ఆక్సిజన్లు. ఆ ఆరూ కలిసి ఒక్క ఫెర్రిక్ పరమాణువును ఆరు దిక్కులా బిగిస్తాయి. ఆ బంధం ఎంత గట్టిదంటే, కణం లోపలికి చేరాక ఇనుమును విడిపించుకోవడానికి అణువునే ఎంజైముతో తెగగొట్టాల్సి వస్తుంది. ఎంతో ఖర్చుపెట్టి తయారుచేసిన అణువు ఒక్క ఇనుప పరమాణువు కోసం ముక్కలైపోతుంది. బయటి పొరలో దానికోసమే ఉన్న గ్రాహకం ఇనుముతో నిండిన సిడెరోఫోర్‌ను గుర్తుపడుతుంది. లోపలి పొర నుంచి టాన్‌బీ అనే ప్రోటీన్ శక్తిని అందిస్తే తప్ప ఆ గ్రాహకం దాన్ని లోపలికి పంపదు. ఈ ఏర్పాటంతా ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో ఫర్ అనే మరో ప్రోటీన్ నిర్ణయిస్తుంది. కణంలో ఇనుము చాలినంత ఉంటే ఇనుమే ఫర్‌కు అతుక్కుంటుంది, ఫర్ వెళ్లి సిడెరోఫోర్ జన్యువులను మూసేస్తుంది. ఈ చివరి వాక్యాన్ని గుర్తుంచుకోమని శ్రోతలను కోరుతున్నాను. సిడెరోఫోర్ జన్యువులు తెరుచుకుని ఉన్నాయా, మూసుకుని ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఆ కణానికి ఇనుము చాలుతున్నదో లేదో మనం తెలుసుకోవచ్చు.

పాఠ్యపుస్తకాలు ఇంతవరకు చెప్పి, ఇక్కడి నుంచి ఒక తేలికైన నిర్ణయానికి వస్తాయి. రోగం తెచ్చే బ్యాక్టీరియాకు సిడెరోఫోరే ఆయువుపట్టు, దాన్ని అడ్డుకుంటే రోగం ఆగుతుంది అన్నది ఆ నిర్ణయం. ఎన్నో రోగాల విషయంలో అది నిజం కూడా. అయినా దాన్ని సర్వత్రా చెల్లే సూత్రంగా ఒప్పుకోలేకపోవడానికి నాకున్న కారణం హైదరాబాద్‌లో జరిగిన పరిశోధన. అది ఘనపురం ఆయకట్టులో పండే పంటకు సంబంధించినదే.

వరికి వచ్చే బ్యాక్టీరియా ఎండాకు తెగులు మన రైతులందరికీ తెలిసినదే. ఆకు కొసన మొదలై, రెండు అంచుల వెంట అలలుగా పసుపు దిగుతుంది, ఆపైన ఆకు ఎండుతుంది. పొద్దున్నే చూస్తే ఆకు మీద జిగురు బొట్లు కనబడతాయి. ఆ బొట్ల నిండా బ్యాక్టీరియానే. దాని పేరు జాంథోమోనాస్ ఒరైజే. ఆకు అంచుల్లో నీటిని బయటికి వదిలే సన్నని రంధ్రాల గుండా, గాలివానకు ఆకులు రాసుకుని పడిన గాయాల గుండా అది లోపలికి చేరుతుంది. చేరాక నీటిని మోసే దారువు నాళాల్లో స్థిరపడి పెరుగుతుంది. బాపట్ల నుంచి 1986లో విడుదలై ఇంటింటా తినే బియ్యమైన సాంబ మసూరి ఈ తెగులుకు సులువుగా లొంగిపోయేది. దాన్ని కాపాడడానికి హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం కలిసి మూడు నిరోధక జన్యువులు చేర్చి మెరుగైన సాంబ మసూరిని తయారుచేశాయి. 2008లో అది విడుదలైంది. ఆ కృషిలో పాలుపంచుకున్న సీసీఎంబీ శాస్త్రవేత్త రమేశ్ సొంటి బృందమే ఈ బ్యాక్టీరియా ఇనుము సంగతి కూడా తవ్వి చూసింది.

2002లో సుభదీప్ చటర్జీ, రమేశ్ సొంటి ఒక వింతను ప్రకటించారు. ఈ బ్యాక్టీరియా కణాలు ఒకదానికొకటి సంకేతంగా వదులుకునే ఒక కొవ్వు ఆమ్లం ఉంది. దాని తయారీకి అవసరమైన ఆర్‌పీఎఫ్ఎఫ్ అనే జన్యువును చెడగొడితే, ఇనుము తక్కువున్న చోట బ్యాక్టీరియా పెరగలేకపోయింది, వరిలో తెగులు తెచ్చే శక్తీ తగ్గింది. అదే సమయంలో అది సిడెరోఫోర్‌ను మామూలు కంటే ఎక్కువగా వదులుతున్నది. అణువు పుష్కలంగా ఉన్నా ఇనుము కరువు తీరలేదు. అంటే సిడెరోఫోర్ ఎంత తయారవుతున్నదన్న ఒక్క కొలతతో బ్యాక్టీరియా బలాన్ని అంచనా వేయలేం. తర్వాత 2010లో అలోక్ పాండే, రమేశ్ సొంటి ఆ ప్రశ్నను నేరుగా పరీక్షించారు. ఈ బ్యాక్టీరియా జన్యువుల్లో ఇనుము సంపాదనకు రెండు దారులున్నాయి. ఒకటి సిడెరోఫోర్ దారి, ఫెర్రిక్ ఇనుముకు పనికొచ్చేది. రెండోది ఫియోబీ అనే ప్రోటీన్, కరిగి ఉన్న ఫెర్రస్ ఇనుమును నేరుగా లోపలికి తీసుకునేది. వారు ఒక్కో దారినీ విడివిడిగా మూసి చూశారు. సిడెరోఫోర్ తయారీ జన్యువులను చెడగొట్టిన రకాలు ఇనుము తక్కువున్న ప్రయోగశాల ద్రావణంలో పెరగలేక డీలాపడ్డాయి. అవే రకాలు వరి ఆకులోకి వెళ్లి ఎప్పటిలాగే తెగులు తెచ్చాయి. ఫియోబీ పోయిన రకం ఇందుకు విరుద్ధం. ఇనుము చాలక సిడెరోఫోర్‌ను ఆపకుండా తయారుచేస్తూనే ఉన్నా, వరిలో తెగులు తెచ్చే శక్తి దాదాపు కోల్పోయింది. జన్యువులకు రంగునిచ్చే గుర్తును తగిలించి, మొక్క లోపల ఏది పనిచేస్తున్నదో కూడా చూశారు. ఆకులో ఫియోబీ జన్యువు నడుస్తున్నది, సిడెరోఫోర్ జన్యువులు తెరుచుకోలేదు. మొక్కలకు రోగం తెచ్చే బ్యాక్టీరియాల్లో ఫియోబీకి ఇంత పాత్ర ఉన్నదని తేలడం అదే మొదటిసారి.

వరి పొలాన్ని తలచుకుంటే ఇది ఎందుకిలా ఉన్నదో ఊహించవచ్చు. నాట్ల కోసం పొలంలో నీళ్లు నిలిపి దున్నిన తర్వాత, మట్టిలోని ఆక్సిజన్ ఒకటి రెండు రోజుల్లోనే అయిపోతుంది. గాలి లేని ఆ మట్టిలో శ్వాస సాగించే బ్యాక్టీరియాలు ముందు నైట్రేటును, ఆపైన మాంగనీసును, తర్వాత ఫెర్రిక్ ఇనుమును ఆక్సిజన్‌కు బదులుగా వాడుకుంటాయి. అలా తుప్పు రూపంలో ఉన్న ఇనుము మళ్లీ ఫెర్రస్ అయి నీటిలోకి దిగుతుంది. మడి నుంచి మురుగు పోయే చోట నీటి మీద కనిపించే ఎర్రని తెట్టు, పీకిన వరి వేళ్ల చుట్టూ ఉండే గోధుమరంగు పూత ఇందుకు సాక్ష్యాలు. కరిగి పైకొచ్చిన ఇనుము గాలి తగిలిన చోట తిరిగి తుప్పవుతున్నదన్న మాట. వరి తన వేళ్లతో ఫెర్రస్ ఇనుమును నేరుగా పీల్చగలదు. గడ్డిజాతి మొక్కల్లో ఇది అరుదైన గుణం. మెట్ట నారుమడిలో ఇనుము లేక పాలిపోయిన అదే వరి, నీళ్లు నిలిచిన మడిలో ఒక్కోసారి ఇనుము ఎక్కువై ఆకులు కంచు రంగుకు తిరుగుతుంది. నేల అదే, పైరు అదే, తేడా నీటిలో ఉంది. ఇలాంటి మొక్క నాళాల్లో కాపురముండే బ్యాక్టీరియాకు ఖరీదైన సిడెరోఫోర్‌ను తయారుచేసి వదలడం, పారే కాలువలో వల విసిరి చేతి నుంచి తాడు వదిలేయడం వంటిది. నాళంలో నీరు ఎప్పుడూ పైకి కదులుతూనే ఉంటుంది. వదిలిన అణువు తిరిగి తన దగ్గరికే రావాలన్న నియమం లేదు.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. దారువు నాళాల్లో ఇనుము ప్రధానంగా ఫెర్రిక్ రూపంలోనే, నిమ్మ ఉప్పు అణువులకు అంటుకుని ప్రయాణిస్తుందని వృక్షశాస్త్రం చెబుతుంది. అలాంటప్పుడు ఫెర్రస్ దారి అక్కడ ఎలా పనికొస్తుంది? ఈ ఆక్షేపణ న్యాయమైనదే. జవాబు రెండు మాటల్లో చెప్పవచ్చు. నిమ్మ ఉప్పుతో కలిసిన ఫెర్రిక్ ఇనుము తుప్పులాంటి మొండి పదార్థం కాదు. మొక్కలో ఉండే క్షయకరణ పదార్థాల వల్లా, ఆకు మీద పడే వెలుతురు వల్లా అది సులువుగా ఫెర్రస్‌గా మారుతుంది. దీనికంటే బలమైన జవాబు బ్యాక్టీరియా తనే ఇస్తున్నది. ఇనుము చాలనప్పుడు తెరుచుకోవలసిన సిడెరోఫోర్ జన్యువులు మొక్క లోపల మూసుకుని ఉన్నాయంటే, దాని కొలత ప్రకారం అక్కడ దానికి ఇనుము చాలుతున్నది. ఇనుము ఏ రూపంలో ప్రయాణిస్తున్నదన్న మన అంచనా కంటే, ఆ చోట బతుకుతున్న జీవి జన్యువులు చూపే సాక్ష్యానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మరి మొక్కలో అక్కరకు రాని సిడెరోఫోర్ జన్యువులను ఆ బ్యాక్టీరియా ఇన్నాళ్లూ ఎందుకు మోస్తున్నది? పనికిరాని జన్యువులు కాలక్రమంలో చెడిపోతాయి. ఇవి చెడిపోలేదు, వాటిని నడిపే ఇనుప నియంత్రణా చెక్కుచెదరలేదు. ఈ బ్యాక్టీరియా ఏడాది పొడుగునా ఆకు నాళంలోనే ఉండదని గుర్తుకు తెచ్చుకుంటే జవాబు దొరుకుతుంది. వానాకాలం పంటకూ యాసంగి నాట్లకూ మధ్య అది కొయ్యకాళ్లలో, గట్ల మీది గడ్డిజాతి కలుపులో, కాలువ నీటిలో కొన్నాళ్లు గడుపుతుంది. అక్కడ గాలి తగులుతుంది, ఇనుము తుప్పు రూపంలోనే ఉంటుంది. ఆ చోట్లలో ఫియోబీ ఒక్కదానితో బతకడం కష్టం. ఒకే జీవికి రెండు దారులు ఉండడంలో వృథా ఏమీ లేదు, దాని జీవితంలో రెండు రకాల చోట్లు ఉన్నాయి.

ఇది వరి మొక్క ప్రత్యేకతే, దీనికి బ్యాక్టీరియా ఉన్న చోటుతో పనేమిటని ఇంకొకరు అనవచ్చు. దానికి ఎదురు సాక్ష్యం కూడా హైదరాబాద్ నుంచే వచ్చింది. ఇదే బ్యాక్టీరియాకు దగ్గరి బంధువు ఒకటి వరి ఆకుల మీద సన్నని చారల తెగులు తెస్తుంది. పోలికలో రెండూ ఇంచుమించు ఒకటే, పంట ఒకటే, ఆకు ఒకటే. కానీ రెండోది నాళాల్లో ఉండదు, ఆకు కణాల నడుమ ఉన్న ఖాళీల్లో ఉంటుంది. అక్కడి సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలో సుభదీప్ చటర్జీ బృందం 2015లో ప్రచురించిన పరిశోధనలో, ఈ చారల తెగులు బ్యాక్టీరియా వరిలో పెరగడానికి సిడెరోఫోర్‌తో ఫెర్రిక్ ఇనుమును సంపాదించడం తోడ్పడుతున్నదని తేలింది. కణాల మధ్య సంకేతాల పనితీరు కూడా తిరగబడి ఉంది. ఒకదానిలో సంకేతం పోతే సిడెరోఫోర్ పెరుగుతుంది, రెండోదానిలో తగ్గుతుంది. అదే బృందం 2017లో, క్యాబేజీకి తెగులు తెచ్చే మరో జాంథోమోనాస్‌కు కూడా మొక్క లోపల సిడెరోఫోర్ అవసరమేనని చూపింది. వరిలో అక్కర లేనిది క్యాబేజీలో అక్కరకు వచ్చింది, వరిలోనే ఆకు ఖాళీల్లోనూ అక్కరకు వచ్చింది. నాళం నుంచి ఆకు ఖాళీ దాకా దూరం మిల్లీమీటరులో ఎన్నో వంతు. ఆ కాస్త దూరంలోనే నియమం మారిపోయింది. నా వాదనకు ఇంతకంటే బలమైన ఆధారం నాకు తెలియదు.

దీనివల్ల పొలంలో చేసే పనులు కొన్నింటిని వేరుగా చూడాల్సి వస్తుంది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పొడిని విత్తనానికి పట్టించమని, మట్టిలో కలపమని రైతులకు సలహా ఇస్తారు. అది సిడెరోఫోర్లతో ఇనుమును దక్కించుకుని, హానిచేసే శిలీంధ్రాలకు ఇనుము దొరకకుండా చేస్తుందన్నది ఎక్కువగా చెప్పే వివరణ. 1980లో అమెరికాలో క్లోపర్ బృందం ఈ వివరణకు మంచి ఆధారమే చూపింది. సూడోమోనాస్ సిడెరోఫోర్‌ను వేరుచేసి వాడితే బ్యాక్టీరియాను వాడినట్లే మొక్కకు మేలు జరిగింది, ఇనుమును ముందే పట్టుకున్న సిడెరోఫోర్‌ను వాడితే ఆ మేలు కనబడలేదు. ఇనుము చుట్టూ పోటీ ఉన్న చోట ఈ వివరణ నిలుస్తుంది. ఒకప్పుడు మెదక్ జిల్లాలో ఉండిన పటాన్‌చెరులో, 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో, శనగకు వచ్చే ఎండు తెగులు మీద వానపాముల ఎరువు నుంచి తీసిన స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా రకాలను పరీక్షించారు. వాటిలో సిడెరోఫోర్ వదిలేవీ ఉన్నాయి. గాలి ఆడే, సున్నం ఉన్న నల్లరేగడిలో వాటికి పని ఉంటుంది. నీళ్లు నిలిచి ఫెర్రస్ ఇనుము నిండిన వరి మడిలో మాత్రం అదే వివరణ చెల్లకపోవచ్చు. అక్కడ సూడోమోనాస్ కూడా తన ఫర్ చెప్పినట్టే సిడెరోఫోర్ జన్యువులను మూసుకునే అవకాశం ఉంది. వరిలో దానివల్ల మేలు కలిగితే, ఆ మేలు అది వదిలే యాంటీబయాటిక్ పదార్థాల వల్లనో, మొక్క స్వీయరక్షణను మేల్కొలపడం వల్లనో కావచ్చు. మందు వద్దని నేను అనడం లేదు. అది ఎందుకు పనిచేస్తుందో సరిగా తెలిస్తే ఏ పొలంలో వాడాలో, ఏ పొలంలో డబ్బు మిగుల్చుకోవాలో తెలుస్తుంది. అన్నభేది చల్లితే ఎండాకు తెగులు పెరుగుతుందేమోనన్న భయానికి కూడా ఇదే జవాబు. నాళంలో ఇనుము చాలుతున్న బ్యాక్టీరియాకు మనం మరికొంత ఇచ్చినంత మాత్రాన బలం పెరుగుతుందనడానికి కారణం కనబడదు. నత్రజని ఎక్కువ వేయడమే ఈ తెగులుకు అసలైన తోడ్పాటు.

మనిషి ఒంట్లో చోటు వేరు. రక్తంలో ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ పట్టుకుని ఉంటుంది. మామూలుగా దాని సామర్థ్యంలో మూడో వంతే నిండి ఉంటుంది, కాబట్టి విడిగా తిరిగే ఇనుము లేనట్టే. గుడ్డులోని తెల్లసొన బ్యాక్టీరియాను ఆపుతుందనీ, ఇనుము కలిపితే ఆ శక్తి పోతుందనీ షేడ్, కరోలిన్ అనే శాస్త్రవేత్తలు 1944లో చూపించారు. రెండేళ్ల తర్వాత రక్తంలోనూ అదే పని చేసే ప్రోటీన్‌ను కనుగొన్నారు. ఇన్‌ఫెక్షన్ సోకితే శరీరం హెప్సిడిన్ అనే హార్మోన్‌తో రక్తంలో ఇనుమును ఇంకా తగ్గిస్తుంది. ఎంటెరోబాక్టిన్‌ను పట్టేసే సిడెరోకాలిన్ అనే ప్రోటీన్‌ను కూడా దించుతుంది. సాల్మొనెల్లా ఎంటెరోబాక్టిన్‌కు చక్కెర అణువులు తగిలించి ఆ పట్టు నుంచి తప్పించుకుంటుంది. ఇక్కడ సిడెరోఫోరే ఆయువుపట్టు. అందుకే సిడెరోఫోర్ ముక్కను తగిలించి తయారుచేసిన సెఫిడెరోకాల్ అనే యాంటీబయాటిక్‌ను బ్యాక్టీరియా ఇనుమనుకుని తనే లోపలికి లాక్కుంటుంది. 2019లో అమెరికాలో దానికి అనుమతి లభించింది. అదే ఒంట్లో పేగులోకి వెళితే మళ్లీ గాలి లేని చోటే. ఫెర్రస్ ఇనుమును లోపలికి తీసుకునే ఫియో ప్రోటీన్ల జన్యువులను 1993లో జర్మనీలో హాంట్కె బృందం గుర్తించింది కూడా పేగులో బతికే ఈ. కోలైలోనే.

రక్తహీనతకు ఇచ్చే ఇనుప మాత్రల సంగతి ఇక్కడ చెప్పకపోతే ఈ మాటలు అపార్థానికి దారితీస్తాయి. టాంజానియాలోని పెంబా దీవిలో చిన్నపిల్లలకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఇచ్చిన అధ్యయనాన్ని మధ్యలోనే ఆపారు. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం, మలేరియా తీవ్రంగా ఉన్న ఆ చోట మాత్రలు అందుకున్న పిల్లల్లో ఆసుపత్రి పాలైనవారు, చనిపోయినవారు ఎక్కువయ్యారు. దీన్ని పట్టుకుని ఇనుము ఇవ్వడమే ప్రమాదమనే వాళ్లున్నారు. ఆ అధ్యయనంలోనే, రక్త పరీక్షతో ఇనుము లోపం నిర్ధారించి, మలేరియాకు చికిత్స అందించిన పిల్లల్లో ఇనుము మేలే చేసింది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నది. గర్భిణికి డాక్టర్ రాసిన ఇనుప మాత్రను బ్యాక్టీరియా భయంతో మానేయడం తల్లికీ బిడ్డకూ నిజమైన హాని. ఎవరికి లోపం ఉన్నది, ఆ ప్రాంతంలో ఏ రోగం తిరుగుతున్నది అన్న రెండు ప్రశ్నలు వేసి ఇస్తే చాలు.

తిరిగి వరి దగ్గరికి వస్తే, ఫియోబీనే మందుకు గురిగా పెట్టుకోవచ్చు కదా అని అడగడం సహజం. ఆ ఆలోచనకు ఒక ఆధారం ఉంది. వరి తన ఇనుమును ఫియోబీతో పీల్చదు, దాని రవాణా ప్రోటీన్లు వేరే కుటుంబానివి. కాబట్టి ఫియోబీని ఆపే పదార్థం దొరికితే మొక్కకు హాని తక్కువ. ఇబ్బంది ఇంకో పక్క ఉంది. గాలి లేని మట్టిలో బతికే ఎన్నో బ్యాక్టీరియాలు ఇదే ప్రోటీన్ మీద ఆధారపడతాయి. మడిలో సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టి పైరుకు పోషకాలు అందించే పనిలో వాటికీ పాలుంది. అలాంటి పదార్థాన్ని కాలువ నీటితో పారిస్తే తెగులుతో పాటు నేలనూ దెబ్బతీస్తాం. ఆకు మీద చల్లితే దారువు నాళం దాకా చేరి అక్కడే నిలవాలి. మెరుగైన సాంబ మసూరిలోని మూడు జన్యువులకు ఈ చిక్కు లేదు. అవి ఆకు లోపలే, తెగులు బ్యాక్టీరియా ఉన్న చోటనే పనిచేస్తాయి. ఫియోబీ మీద పరిశోధన చేసేవారు ముందుగా తేల్చవలసింది, ఆ అడ్డును నాళం దాటి బయటికి పోకుండా ఎలా ఉంచాలన్న సంగతే.